ఉడకబెట్టని కత్తెర

కత్తెరమ్మ ఎడమచేతి రెండు వేళ్లతో గులాబీ కాడను పట్టుకుని, బొటనవేలితో కన్ను కోసం తడిమింది. ఆకు పుట్టిన చోట ఉండే చిన్న బుడిపెను కన్ను అంటారు. కొత్త మొక్క లేచేది దాని నుంచే. కన్నుకు కాస్త కిందగా కత్తెరను ఏటవాలుగా పెట్టి ఒక్క నొక్కు నొక్కింది. కాడ చప్పుడు లేకుండా తెగింది. నలగలేదు, చీలలేదు. నడుముకు దోపుకున్న గుడ్డతో కత్తెరను అటూ ఇటూ తుడిచి ఆమె ఇంకో కాడ అందుకుంది.

పక్కనే నిలబడ్డ డ్రైవరు కూతురు, మూడు కాడలెందుకని అడిగింది.

"ఒకటి నీకు, ఒకటి మీ నాన్నకి, ఒకటి చావుకి" అంది కత్తెరమ్మ. "చావు వాటా ముందే తీసి పక్కన పెట్టామనుకో, మిగతావాటి జోలికి రాదు."

అమ్మాయి నవ్వింది. లోపల బూట్లు తుడుచుకుంటున్న డ్రైవరు కూడా నవ్వాడు.

ఆ మొక్క మూడో అంతస్తు వరండాలో, రంగు పెచ్చులూడిన నూనె డబ్బాలో ఉంది. దాన్ని పెంచిన మనిషి పోయి మూడేళ్లయింది. ఆసుపత్రి కిటికీ దగ్గర కూర్చుని రోగులకు చీటీలు రాసిచ్చేది కాబట్టి అందరూ ఆమెను చీటీలమ్మ అనేవారు. ఆమె భర్త అంబులెన్సు నడుపుతాడు. కూతురికి దూరపు ఊళ్లో ఉద్యోగం వచ్చింది, రెండున్నర నెలల్లో వెళ్లిపోవాలి. అమ్మ చీరలొద్దు, గిన్నెలొద్దు, మొక్క ఒక్కటి చాలు అంది ఆ పిల్ల. కాడ నాటితే వేరు పట్టడానికి నలభై రోజులు కావాలి. వ్యవధి ఉంది.

ఆ ఆసుపత్రి క్వార్టర్సులో మొక్కలకు వేరే పేర్లు లేవు, మనుషుల పేర్లే. ఇరవై ఏళ్ల కింద బట్టలుతికే గదిలో పనిచేసిన లాండ్రీ పెద్దమ్మ పోయినప్పుడు మొదలైంది ఇది. ఆవిడ ఇంటిని ఇంకొకరికి ఇచ్చేలోగా, ఆవిడ కుండీలోని గులాబీ నుంచి కత్తెరమ్మ ఎనిమిది కాడలు కోసి ఎనిమిది ఇళ్లలో నాటింది. ఆ తరవాత ఎవరు పోయినా, ఎవరు ఊరు వదిలినా వాళ్ల గులాబీ నుంచి కాడలు కోయడం అలవాటైపోయింది. "మీ ఇంట్లో వంటాయన మొగ్గ వేశాడా?" అని ఒకరు అడిగితే, "ఎక్కడ, ఉన్నప్పుడూ ఆలస్యమే, ఇప్పుడూ ఆలస్యమే" అని ఇంకొకరు చెప్పేవారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ మాటలు విని మొదట హడలిపోయేవారు.

కాడలు కోయడం కత్తెరమ్మకు ఎవరూ నేర్పలేదు. నలభై కాడలు కుళ్లబెట్టాక నలభై ఒకటోది బతికింది. ఆ నలభైలో ప్రతిదీ ఎందుకు పోయిందో ఆమె చెప్పగలదు. మాటలు తక్కువ మనిషి. ఎవరైనా మొక్కల గురించి ఉపన్యాసం మొదలుపెడితే లేచి వెళ్లి కుండీలో మట్టి సర్దేది.

ఆమెకు ఆ పేరు మొక్కల వల్ల వచ్చింది కాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రిలో ఆపరేషను సామాను శుభ్రం చేసే గదిలో పనిచేసింది. కత్తెరలు, చిమటాలు, సూదులు లెక్కపెట్టి, కడిగి, గుడ్డలో చుట్టి, ఆవిరిపెట్టెలో ఉడికించి, తేదీ చీటీ కట్టి, అందుకున్నవాళ్ల చేత సంతకం పెట్టించుకుని ఇచ్చేది. ఎవరి గాయమైనా చీము పట్టిందంటే, ఏ కట్ట ఏ రోజు ఏ గదికి వెళ్లిందో తన పుస్తకంలో వెనక్కి తిప్పి చూసేది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పు ఆమె గది గుమ్మం దాకా రాలేదు. డాక్టర్లు పళ్లు కొరికితే కొరకనీ, సంతకం లేకుండా ఒక్క సూది గడప దాటనిచ్చేది కాదు.

ఉద్యోగం చాలించిన రోజు నర్సులంతా కలిసి ఆమెకు ఎర్ర పిడి ఉన్న తోటకత్తెర బహుమతిగా ఇచ్చారు. నాలుగు మాటలు మాట్లాడమంటే లేచి నిలబడి, "ఇక ఈ జన్మలో కత్తెర ఉడకబెట్టను" అని కూర్చుంది. హాలంతా విరగబడి నవ్వింది. ఆ మాట చాలాకాలం అందరి నోళ్లలో నానింది. ఆమె కూడా దాన్ని నిలబెట్టుకుంది.

చీటీలమ్మ కాడలు మూడూ కత్తెరమ్మ ఇంటి వెనక, ఇసుక పోసిన చెక్కపెట్టెలో గాజుసీసాల కింద ఉన్నాయి. ఇరవయ్యో రోజు ఉదయం సీసా ఎత్తి చూస్తే ఒక కాడ కొన నల్లగా ఉంది.

"చావు వాటా" అనుకుని దాన్ని పీకి పారేసింది.

నాలుగు రోజులకు రెండోదీ నల్లబడింది. ఆమెతో పాటు ఆ ఇంట్లో ఉండేది ఆమె తోడికోడలు. ఇద్దరి మొగుళ్లూ పోయారు. ఒకే వంటింట్లో పాతికేళ్లుగా దెబ్బలాడుకుంటూ, ఒకరు లేకుండా ఒకరు అన్నం ముట్టని మనుషులు. తోడికోడలు ఆ కాడను అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వు పెట్టిన వాటా సరిపోయినట్టు లేదక్కా. దానికి ఆకలెక్కువలా ఉంది" అంది. కత్తెరమ్మకు నవ్వు రాలేదు. మూడో కాడ పచ్చగానే ఉంది. గోరుతో గీసి చూస్తే లోపల గోధుమరంగు.

మర్నాడు డ్రైవరు వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఒకసారి పైకొచ్చి చూడమన్నాడు.

నూనె డబ్బాలోని మొక్కకు ఆమె మూడు చోట్ల కోసింది. ఆ మూడు చోట్ల నుంచే నలుపు కిందికి దిగుతోంది, కాల్చి ఆర్పిన అగ్గిపుల్లలా. నలుపుకూ పచ్చకూ మధ్య సన్నటి ఊదారంగు గీత. డ్రైవరు నిన్న పొద్దున ఆ గీత దగ్గర దారం కట్టాడట. ఇవాళ గీత దారం కిందికి దిగిపోయింది.

ఆమె మెట్లు దిగుతుంటే రెండో అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది. తమ ఇంట్లో వంటాయన కూడా నల్లబడ్డాడని ఆ ఇంటావిడ చెప్పింది. మొదటి అంతస్తులో లాండ్రీ పెద్దమ్మకు ఒక్క ఆకు లేదు. గేటు పక్క గదిలో వాచ్‌మన్ తాత గులాబీ మొదలంటా నల్ల కట్టెలా నిలబడి ఉంది. నడవాలో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. పట్టపగలే గొంతులు తగ్గించి, ఇంట్లో రోగి ఉన్నట్టు మసులుతున్నారు.

అందుకు కారణం ఎక్స్‌రే బాబాయి. డెబ్బై అయిదేళ్ల మనిషి, నలభై ఏళ్లు చీకటిగదిలో ఎముకల బొమ్మలు తీసినవాడు. పోయిన భార్య గులాబీని అందరూ పిన్ని అనే పిలిచేవారు. పిన్ని మూడు రెమ్మలు నల్లబడిన రోజు నుంచి ఆయన మంచం దిగలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాడు. వాళ్లు ఒకసారి పోయారు, మనం పట్టుకుని కూర్చున్నాం, ఇప్పుడు రెండోసారి వెళ్తున్నారు, ఈసారి ఒంటరిగా వెళ్లరు. విన్నవాళ్లు కొట్టిపారేశారు. కొట్టిపారేసి ఇంటికెళ్లి తమ తమ కుండీలు చూసుకున్నారు. ఆయన అన్నం తినడం మానేశాడని నాలుగో రోజు తెలిసింది.

కత్తెరమ్మకు ఇలాంటివి నచ్చవు. చీము పట్టిన గాయం శాపం వల్ల పట్టిందని ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు. ఎక్కడి నుంచో వచ్చి ఉంటుంది, ఆ ఎక్కడ ఏదో పుస్తకంలో ఉంటుంది. మొక్కలకు కూడా ఆమె పుస్తకం రాస్తుంది. తేదీ, ఇల్లు, కోసిన కాడలు. పాత అలవాటు.

పొద్దున్నే కాఫీ తాగి పుస్తకం తీసింది. చీటీలమ్మను కోసిన ఆదివారం దగ్గర వేలు పెట్టింది. ఆ రోజు వాన వెలిశాక వరసగా అయిదిళ్లు తిరిగి గులాబీలు కత్తిరించింది. మొదట వాచ్‌మన్ తాత. ఆ పేరు పక్కన తన చేతిరాతే ఉంది: ‘ఎండుపుల్ల ఒకటి తీసేశాను.’ తరవాత లాండ్రీ పెద్దమ్మ. తరవాత పిన్ని. తరవాత వంటాయన. చివర మూడో అంతస్తులో చీటీలమ్మ. ముందు కోసినది ఎక్కువ నల్లబడింది, చివర కోసినది తక్కువ. మెట్లు ఎక్కినట్టు ఎక్కింది నలుపు, ఆమె ఎక్కిన మెట్లే, ఆమె ఆగిన గుమ్మాలే.

ఇంకొక్కటి చూడాలనుకుంది. ఆ రోజు కాంపౌండరు ఇంటికి కూడా వెళ్లింది గాని తాళం వేసి ఉండటంతో తిరిగొచ్చింది. చెప్పులేసుకుని వెళ్లి చూసింది. కాంపౌండరు ఇంట్లో ఉన్నది కూడా లాండ్రీ పెద్దమ్మ కాడే. పచ్చగా, రెండు పూలతో ఉంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కత్తెరమ్మ చెయ్యి దానంతటదే నడుము దగ్గరి గుడ్డ మీదికి వెళ్లింది. ఇంటికొచ్చి గుడ్డను విప్పి వెలుగులో పరిచింది. పొరలు పొరలుగా జిగురు మరకలు, ఒకదాని మీద ఒకటి. ఎర్ర పిడి కత్తెర నోరు తెరిచి చూసింది. రెక్కలు కలిసే మర దగ్గర నల్లటి మడ్డి పేరుకుని ఉంది. ఇలాంటి కత్తెర ఎవరైనా తన గదిలోకి పంపి ఉంటే వాళ్ల ఉద్యోగం ఊడగొట్టేదాకా నిద్రపోయేది కాదు.

తోడికోడలు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆమెకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"వానలకి పోయాయని చెప్పు" అంది. "నిన్నెవరూ అనుమానించరు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందక్కా."

కత్తెరమ్మ రెండు రోజులు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ రెండు రోజులూ డ్రైవరు కట్టిన దారం ఆమె కళ్ల ముందు నుంచి కదల్లేదు. చీటీలమ్మ కాడలు వేరే ఏ ఇంట్లోనూ లేవు. మూడేళ్లుగా ఎవరడిగినా డ్రైవరు మొక్క మీద చెయ్యి వెయ్యనివ్వలేదు, కూతురి కోసమే మొదటిసారి ఒప్పుకున్నాడు. ఆ మొక్క పోతే ఇంకొకటి లేదు. అమ్మాయి ప్రయాణానికి నలభై నాలుగు రోజులు. వేరు పట్టడానికి నలభై. ఈ వారం దాటితే కోసినా ఒకటే, కోయకపోయినా ఒకటే.

మూడో రోజు పైకి వెళ్లింది. ఊదా గీత మొదటి రెమ్మలో సగానికి దిగింది. జబ్బు పట్టినదంతా కోసేసి, కింద ఇంకా శుభ్రంగా ఉన్న చోట నుంచి కాడ తీయాలని, తల్లిమొక్క బతకకపోవచ్చని డ్రైవరుతో చెప్పింది.

ఆయన ఒప్పుకోలేదు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు మాట్లాడాడు. ఎక్స్‌రే బాబాయి చెప్పింది నిజమేనేమో, ఉన్నప్పుడు కూడా ఆవిడ ఒక మాట అనుకుంటే ఆగే మనిషి కాదు, వెళ్తానంటోంది, ఇంకా కోసి హింసపెట్టడం దేనికి అన్నాడు.

"ఆవిడ వెళ్తానంటం లేదు తమ్ముడూ. నేను పంపిస్తున్నాను" అంది కత్తెరమ్మ.

ఆయనకు అర్థం కాలేదు. ఆమె పుస్తకం తెరిచి ముందు పెట్టింది. వాచ్‌మన్ తాత ఎండుపుల్ల దగ్గర వేలు పెట్టి, ఒక్కో ఇల్లూ దాటుకుంటూ చివరి గీత దాకా వచ్చింది. నడుము నుంచి గుడ్డ తీసి పుస్తకం మీద పెట్టింది. అది ఎండుపుల్ల కాదు, జబ్బుపుల్ల. దాన్ని కోసిన కత్తెరతోనే అందరినీ కోశాను, ఈ గుడ్డతోనే తుడిచాను, తుడిచిన ప్రతిసారీ మళ్లీ పూశాను అని చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

డ్రైవరు ఆ గుడ్డ అంచు వేలితో ఎత్తి చూశాడు.

"ముప్పై ఏళ్లు ఊరందరి కత్తెరలూ ఉడకబెట్టావు కదక్కా" అన్నాడు. "మా ఆవిడ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. వద్దనుకున్నాను. నవ్వులాటకి అన్న మాట పట్టుకుని కూర్చున్నాను."

అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "కోయనీ నాన్నా" అంది.

ఆయన అవునని గాని కాదని గాని అనలేదు. లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు.

కత్తెరమ్మ ఇంటికొచ్చి పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టింది. తోడికోడలు అంగడికి వెళ్లి గడ్డం గీసుకునే బ్లేడ్లు రెండు పెట్టెలు తెచ్చింది. కొట్టువాడు, గడ్డాలు మొలిచాయా అత్తా అని వేళాకోళం చేశాడట. బ్లేడ్లు, రెండు చిమటాలు, ఎర్ర పిడి కత్తెర అన్నీ కత్తెరమ్మ నీళ్లలోకి దించి మూత పెట్టింది. నీళ్లు తెర్లడం మొదలయ్యాకే గడియారం చూసుకుంది. ఇరవై నిమిషాలు. ఇనుము గిన్నె అడుగును తడుతూ గలగలలాడింది. ఏళ్ల తరబడి విన్న ఆ చప్పుడు అంతసేపూ ఆమె వీపు మీద పడుతూనే ఉంది. గుడ్డను పొయ్యిలో పడేసింది.

మళ్లీ మూడో అంతస్తు వరండాలో, కోతకు ఒక బ్లేడు. వాడినది పక్క డబ్బాలో పడేసి కొత్తది చిమటాతో తీయడం, అంతే. మొదటి రెమ్మను నలుపుకు బెత్తెడు కింద కోసి చూసింది. కాడ మధ్యలో తెల్లగా ఉండాల్సిన చోట గోధుమరంగు చుక్క. ఇంకో బెత్తెడు కింద. చుక్క చిన్నదైంది గాని పోలేదు. ఇంకా కింద. అలా నాలుగు రెమ్మలు మట్టిదాకా పోయాయి. బయటికి పచ్చగా, నిగనిగలాడుతూ ఉన్నవి కూడా లోపల మరకతోనే ఉన్నాయి. అమ్మాయి కింద పడిన ముక్కలను ఒక్కొక్కటే ఏరి సంచిలో వేస్తోంది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు ఒకసారి వినిపించింది.

డబ్బా అంచుకు ఆనుకుని, వెనకవైపు, ఆ ఆదివారం కత్తెర సోకని చిన్న చిగురు ఒకటి ఉంది. పెన్సిలంత లావు, జానెడు పొడుగు. పద్దెనిమిదో బ్లేడు తీసుకుని దాన్ని కోసింది. లోపల తెలుపు. కళ్లద్దాలు సరిచేసుకుని మళ్లీ చూసింది. తెలుపే. అందులోంచి రెండు ముక్కలు వచ్చాయి. ఈసారి వాటాల మాట ఎత్తలేదు.

కిందికి దిగుతూ ఎక్స్‌రే బాబాయి గదిలోకి వెళ్లి ఆయనకూ చెప్పింది. ఆయన మంచం మీద నుంచి తల ఎత్తాడు.

"అయితే మీ పిన్ని నన్ను రమ్మనడం లేదన్నమాట."

"లేదు బాబాయ్. నేను చంపాను."

ఆయన లేచి కూర్చుని, కాస్త అన్నం ఉంటే పెట్టమన్నాడు. తిని ఏడ్చాడు.

తరవాత ఇంటింటికీ వెళ్లింది. పోయినవాళ్లను చెత్తబుట్టలో వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు, అందుకని ఆమే కుండీ కుండీకీ మొక్కను పెకలించి, గోనెసంచిలో కట్టి, పెరటి చివర తగలబెట్టింది. లాండ్రీ పెద్దమ్మ ముళ్లు ఆఖరిసారి ఆమె మణికట్టు గీరాయి. ఒకరిద్దరు ముఖం మీదే అనేశారు. ఆ తరవాత ఆమె మెట్లెక్కుతుంటే, నడవాలో మిగిలిన కుండీలను లోపలికి జరుపుకునే చప్పుడు ప్రతి అంతస్తులోనూ వినిపించేది. మొదటి అంతస్తు నుంచి మూడో అంతస్తు దాకా ఖాళీ డబ్బాలు మట్టితో అలాగే ఉండిపోయాయి.

పదకొండో రోజు నూనె డబ్బాలోని మోడు మొదలంటా నల్లబడింది. పదిహేనో రోజు రెండు కాడల్లో ఒకటి పోయింది. మిగిలిన దాన్ని కత్తెరమ్మ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి సీసా ఎత్తకుండా బయటి నుంచే చూసేది. రోజుకో గీత పుస్తకంలో. ఇరవై రెండో రోజు ఒక ఆకు రాలింది. ఆ రోజు తోడికోడలు మాట్లాడించబోతే కసిరింది. ముప్పయ్యో రోజు కన్ను ఉబ్బింది. అందులోంచి పిచ్చుక ముక్కంత ఎర్రటి చిగురు వచ్చినప్పుడు కూడా ఆమె సంతోషపడలేదు. వేరు లేకుండా ఉన్న సత్తువతో చిగుర్చి, ఆనక చచ్చే కాడలు ఆమె చాలా చూసింది.

నలభై ఒకటో రోజు ఇసుకను నీళ్లతో కరిగించి కాడను ఎత్తింది. అడుగున తెల్లటి వేళ్లు నాలుగు, కొత్త సూదిదారంలా ఉన్నాయి. ఉడకబెట్టి చల్లార్చిన మట్టిని చిన్న కుండీలో నింపి, నాటి, చుట్టూ కాగితం చుట్టి, మెడకు చీటీ కట్టింది.

ప్రయాణం రోజు పొద్దున్నే డ్రైవరు, కూతురు సంచులతో కిందికి దిగారు. డ్రైవరు ఆమె ఇంటి ముందు ఆగాడు గాని లోపలికి రాలేదు. కత్తెరమ్మ కుండీని రెండు చేతులతో బయటికి తెచ్చింది. అప్పుడే వదలకుండా, చెప్పాల్సింది చెప్పింది. ఏడాది దాకా దీన్ని ఏ ఇనుమూ తాకకూడదు. ఆ తరవాత ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే ఇరవై నిమిషాలు, నీళ్లు తెర్లాక లెక్క.

"బతుకుతుందా అత్తా?" అని అడిగింది అమ్మాయి.

"నలభై నాలుగు రోజులు చూశాను, నల్లబడలేదు. నలభై అయిదో రోజు సంగతి నాకు తెలీదు. కొన రోజూ చూస్తూ ఉండు."

ఎర్ర పిడి కత్తెర కూడా గుడ్డలో చుట్టి, తేదీ చీటీ కట్టి ఉంది. దాన్ని అమ్మాయి సంచి పక్కజేబులో పెట్టింది. ఇక తనకు దాంతో పని లేదంది. ఆనక పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి అమ్మాయి ముందు పట్టింది.

అమ్మాయి తండ్రి వైపు చూసింది. డ్రైవరు సంచులు కింద పెట్టి పెన్ను తనే అందుకున్నాడు. మొక్క పేరు రాసిన చోట కాసేపు ఆగాడు. ఆ పక్కన, అందుకున్నవారు అన్న చోట, సంతకం పెట్టాడు. కత్తెరమ్మ సిరా ఆరేదాకా ఊది, పుస్తకం మూసి, కుండీ వదిలింది.